సూదుల మీద సగం, నవారు మంచం మీద సగం

నెల్లూరు మూలాపేటలోనో ఒంగోలు లాయర్‌పేటలోనో పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ట్రంకుపెట్టె అడుగున ఇది దొరకడం మామూలే. రెండు బూడిదరంగు అల్యూమినియం సూదులు, వాటికి వేలాడుతూ జానెడు అల్లిక, దాని తోకన ఊలు ఉండ. లేత గులాబీయో, లేత నీలమో. విప్పి చూస్తే ముడుచుకుపోయిన పీలికలాగా ఉంటుంది. కన్నాలు పడ్డాయి కానీ అవి డిజైను కన్నాలో చిమ్మటలు కొట్టిన కన్నాలో తేల్చి చెప్పలేం. అల్లిన మనిషి "ఇది సరిగ్గా రాలేదులే" అనుకుని పెట్టెలో పడేసిందని చూస్తేనే తెలిసిపోతుంది. నిజానికి సరిగ్గానే వచ్చింది. తడపలేదు, అంతే.

లేసు అల్లికలో, అంటే కావాలని కన్నాలు వదులుతూ అల్లే పనిలో, కిటుకంతా అదే. స్వెట్టరు సూదుల మీద ఉండగానే స్వెట్టరులా కనిపిస్తుంది. లేసు స్కార్ఫు అలా కాదు. సూదుల మీద ఉన్నన్నాళ్ళూ ముడుచుకునే ఉంటుంది. నీళ్ళలో నానబెట్టి, మంచం మీద నాలుగు వైపులా లాగి, పిన్నులు గుచ్చి ఆరబెట్టాకే కన్నాలు విచ్చుకుంటాయి. ఆ రెండో సగం పాఠం మన ఇళ్ళకు సరిగ్గా చేరలేదు. బళ్ళో ఎస్‌యూపీడబ్ల్యూ, అంటే చేతిపనుల పీరియడ్‌లో నేర్పిందల్లా నిట్టు, పర్లు అనే రెండు మూల కుట్లు, ఒక బేబీ టోపీ, ఒక జత సాక్సులు. వారపత్రికల అల్లికల పేజీలో ఆఖరి వాక్యం ఎప్పుడూ "తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేయండి" అనే ఉండేది. ఆ ఒక్క వాక్యం ఎన్ని కాష్మిలాన్ (అక్రిలిక్ ఊలు) స్కార్ఫుల ప్రాణం తీసిందో. ఆ సంగతి కిందకు వస్తాను.

అసలు నెల్లూరులో స్కార్ఫు ఎందుకని అడిగేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పుష్యమాసం తెల్లవారుజామున కూడా ఇరవై డిగ్రీల చుట్టుపక్కలే ఆడే ఊరు. మందపాటి మఫ్లరు చుట్టుకుంటే పావుగంటలో మెడంతా చెమట. అందుకే ఇక్కడ పనికొచ్చేది గాలి రవంత ఆగి, రవంత పోయే అల్లిక. ధనుర్మాసంలో చీకటితోనే రంగనాయకులపేట గుడికి పోయేటప్పుడు పెన్నమ్మ మీద నుంచి వచ్చే తడిగాలికి చెవులు కప్పుకోవడానికి, బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే తలకు చుట్టుకోవడానికి. బరువు డెబ్బై, ఎనభై గ్రాములు మించకూడదు. మడిస్తే చేతిసంచిలో మూలకు పోవాలి.

పయిటాల అన్నాలయ్యాక, రేడియోలో ఆడవాళ్ళ కార్యక్రమం వచ్చే వేళకు వసారాలో చాప వేసుకుని కూచునేవాళ్ళు. ఊలు ఉండ దొర్లిపోకుండా ఇత్తడి చెంబులో వేసేవాళ్ళు. ఇది ఇప్పటికీ మంచి పద్ధతే. చెంబు మూతి సన్నం కాబట్టి ఉండ ఎగిరి పడదు, దారం సులువుగా వస్తుంది, ఫ్యాను గాలికి మంచం కిందకు పోయి దుమ్ము పట్టదు. అరుగు మీద కూచున్న అవ్వ ఒకసారైనా "ఏందమ్మే, చేపల వల అల్లతన్నావా?" అనకుండా ఉండేది కాదు. "లేదవ్వా, మెడకు" అంటే, "మెడకు వలేందే!" అని నవ్వేది. అవ్వ మాటలో తప్పేమీ లేదు. వలలాగే లేసులోనూ దారం కంటే ఖాళీ ఎక్కువ.

ఇక సూదులు. అప్పట్లో ఫ్యాన్సీ షాపుల్లో దొరికినవి ఎక్కువగా నీలగిరుల్లో కెట్టి దగ్గర తయారయ్యే పోనీ గుర్తువి. తల మీద నంబరు ఉంటుంది. ఆ నంబరు దగ్గరే మొదటి మోసం. మన పాత సూదులది ఇంగ్లండు లెక్క. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 14 అంటే 2. అమెరికా లెక్క దీనికి తలకిందులు. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు, 6 అంటే 4. ఇప్పుడు ఫోనులో కనిపించే డిజైన్లు చాలావరకు అమెరికా నంబర్లతో ఉంటాయి. ఇంట్లో ఉన్న పాత 8తో మొదలుపెడితే స్కార్ఫు ఇరుగ్గా, చిన్నదిగా వస్తుంది. నంబరు వదిలేసి మిల్లీమీటర్లే చూసుకోవాలి. మన స్కార్ఫుకు కావలసింది 4 మిల్లీమీటర్ల జత.

సూదులు కొనలేని ఇళ్ళల్లో సైకిలు పుల్లలతో అల్లేవాళ్ళు. చివరను సానరాయి మీద గుండ్రంగా అరగదీస్తే సూది మొన, రెండో వైపు వంపుకు గుడ్డముక్క చుడితే కుట్లు జారకుండా అడ్డు. మామూలు సైకిలు పుల్ల 14 గేజీ తీగ, మందం 2 మిల్లీమీటర్లు. అంటే సరిగ్గా 14 నంబరు సూది. సాక్సులకు, టోపీ అంచుకు అది బ్రహ్మాండం. లేసు స్కార్ఫుకు మాత్రం పనికిరాదు. అంత సన్న సూదితో మూడు పోగుల ఊలు అల్లితే కన్నం విచ్చుకోవడానికి చోటే ఉండదు, తర్వాత ఎంత తడిపి లాగినా రాదు. పెట్టెల్లో దొరికే ముడుచుకున్న అల్లికల్లో కొన్నింటి జబ్బు ఇది. వాటికి మందు లేదు, విప్పేయడమే.

ఎండాకాలంలో అల్యూమినియం సూదులకు ఇంకో గుణం ఉంది. చెమట చేతులతో పట్టుకుంటే లేతరంగు ఊలుకు బూడిదరంగు మరక అంటుతుంది. అరచేతులకు పౌడరు రాసుకోవడం పాత ఉపాయం. కొత్తవాళ్ళు వెదురు సూదులు తీసుకుంటే ఈ బాధ లేదు. పైగా వెదురు మీద కుట్లు నెమ్మదిగా జారతాయి, చెయ్యి తిరగని వాళ్ళకు అదే మేలు.

దారం విషయంలో మూడు దార్లున్నాయి. మొదటిది నిజమైన ఊలు, త్రీ ప్లై (మూడు పోగుల) బేబీ ఊలు లాంటిది. రెండోది కాష్మిలాన్. అసలు అది ఒక అక్రిలిక్ దారం పేరు, మన వాడుకలో అక్రిలిక్ ఊలంతటికీ ఆ పేరే స్థిరపడిపోయింది. మూడోది నూలు. లేసు నేర్చుకోవడానికి నిజమైన ఊలుకు మించింది లేదు. సాగుతుంది కాబట్టి చేతి బిగువులో తేడాలను క్షమిస్తుంది, తడిపి లాగితే లాగిన చోటే నిలుస్తుంది. నెల్లూరు వాతావరణానికి మెడకు హాయిగా ఉండేది మాత్రం నూలే. కానీ నూలు ఊలులా సాగి మళ్ళీ ముడుచుకోదు, ప్రతి తప్పునూ చూపిస్తుంది, తన బరువుకు తానే పొడుగు దిగుతుంది. ఊలుతో, లాగి ఆరబెట్టాక 150 సెంటీమీటర్లు వచ్చేలా అల్లేచోట నూలుతో 140 లెక్కన ఆపితే సరిపోతుంది. షేడెడ్ ఊలు మాత్రం వద్దు. ఒకే ఉండలో నాలుగు రంగులు మారుతుంటే లేసు కంటికి ఆనదు, అంత కష్టమూ మచ్చల్లో కలిసిపోతుంది. నల్లరంగూ వద్దు. కరెంటు కోత రాత్రుల్లో నల్ల ఊలు అల్లినవాళ్ళు ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకునేది అందుకే. సూది కింద తెలుపు ఉంటే కుట్టు కనిపిస్తుంది.

ఎంత కావాలి? స్కార్ఫు వెడల్పు 20 సెంటీమీటర్లు, పొడుగు 150 అనుకుంటే 42 కుట్లు, సుమారు 390 వరసలు. అంటే పదహారు వేల పైచిలుకు కుట్లు. 4 మిల్లీమీటర్ల సూది మీద కుట్టుకు రమారమి రెండు సెంటీమీటర్ల దారం పోతుంది కాబట్టి 320 మీటర్లు, చేతిలో మిగులుతో 350 అనుకోండి. గ్రాముకు నాలుగు మీటర్ల పైన వచ్చే దారమైతే ఎనభై గ్రాములు. ఒకేసారి కొనాలి, చీటీ మీద లాటు నంబరు ఒకటేనా అని చూసుకోవాలి. సగంలో అయిపోయి మళ్ళీ షాపుకు పోతే అదే రంగు దొరికినట్టే ఉంటుంది, ఎండలో చూస్తే గీత గీసినట్టు తేడా తెలుస్తుంది.

చీరాల, వెంకటగిరి వైపు వాళ్ళకు నాలుగో దారి కూడా ఉంది, మగ్గం నూలు. 2022లో జిల్లాలు మారాక చీరాల బాపట్లకు, వెంకటగిరి తిరుపతికి పోయాయి కానీ, పాతవాళ్ళ నోట్లో ఇంకా అవి ప్రకాశం, నెల్లూరే. కౌంటు లెక్క తెలిస్తే మిగిలిన చిలపతో, అంటే నూలు కట్టతో, స్కార్ఫు తేలిక. ఒక పౌను బరువులో, అంటే సుమారు 454 గ్రాముల్లో, 840 గజాల చిలపలు ఎన్ని పడతాయో అదే కౌంటు. 2/20 అంటే 20 కౌంటు పోగులు రెండు పేనినది. అంటే పౌనుకు పది చిలపలు, 8400 గజాలు. గ్రాముకు సుమారు 17 మీటర్లు. ఒక్క పోగుతో అల్లితే సాలెగూడు అవుతుంది. నాలుగు పోగులు కలిపితే గ్రాముకు నాలుగు మీటర్ల పైచిలుకు వచ్చి మన లెక్కకు సరిపోతుంది. రెండు జాగ్రత్తలున్నాయి. పడుగు కోసం గంజి పట్టించిన నూలైతే ముందు గోరువెచ్చటి నీళ్ళలో ఉతికి ఆరబెట్టాలి, లేకపోతే పుల్లల్లా బిరుసుగా వస్తుంది. రంగు నూలైతే తడి పోగును తెల్లగుడ్డ మీద రుద్ది చూడాలి. ఇక నాలుగు పోగులూ పేనినవి కావు కాబట్టి సూది మొన మూడింటిని పట్టి ఒకదాన్ని వదిలేస్తూ ఉంటుంది. మొన మరీ వాడిగా లేని సూది తీసుకుంటే ఈ తప్పు తగ్గుతుంది.

ఊలు చిలపగా దొరికితే ఉండ చుట్టాలి. ఒకరు రెండు చేతులకూ చిలప తగిలించుకుని కూచోవడం, ఇంకొకరు చుట్టడం. ఎవరూ దొరకకపోతే కుర్చీ వీపు. చుట్టేటప్పుడు మూడు వేళ్ళు ఉండ మీద ఆనించి, వాటి మీదుగా చుట్టి, తర్వాత వేళ్ళు లాగేయాలి. ఇది చాదస్తం కాదు. బిగించి చుడితే ఊలు సాగిన స్థితిలోనే సూది మీదకు వస్తుంది, మొదటి ఉతుకులో తన అసలు పొడుగుకు ముడుచుకుంటుంది. స్కార్ఫు రెండంగుళాలు తగ్గిందని ఊలును తిట్టుకునేవాళ్ళు చుట్టిన చేతిని తిట్టుకోవాలి.

ఇక డిజైను. స్కాట్లాండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవులున్నాయి. అక్కడి లేసు శాలువలు పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోతాయని పేరు. ఆ దీవుల అల్లికల్లో అన్నిటికంటే తేలికైనదాన్ని ఓల్డ్ షేల్ అంటారు. మన పాత పుస్తకాల్లో ఫెదర్ అండ్ ఫ్యాన్ అని రాసేవాళ్ళు. పట్టింపు ఉన్నవాళ్ళు ఆ రెండూ వేరంటారు, మనకు ఆ గొడవ అక్కర్లేదు. చూడటానికి అల మీద అల వచ్చినట్టుంటుంది, మైపాడు ఒడ్డున అలలు వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతల్లాగా. నాలుగే వరసలు. అందులో మూడింటికి బుర్ర పెట్టక్కర్లేదు. కొత్తవాళ్ళకు ఇది ఇవ్వమనేది అందుకే.

ముందు 42 కుట్లు ఎక్కించాలి. ఈ అంచు బిగుసుకుంటే స్కార్ఫు మొదలు గిన్నె అంచులా లోపలికి ముడుచుకుంటుంది, అల వంపు రాదు. రెండు సూదులనూ కలిపి పట్టుకుని, ఆ జత మీద కుట్లెక్కించి, తర్వాత ఒకటి లాగేస్తే అంచు వదులుగా వస్తుంది. ఆ తర్వాత రెండు వరసలు ఉత్త నిట్టు. అంచుల్లో మూడేసి కుట్లు ఎప్పుడూ నిట్టే, అవి స్కార్ఫు పక్కలు చుట్టుకుపోకుండా కాపలా. మధ్యలో 36, అంటే 18 చొప్పున రెండు భాగాలు. భాగానికీ భాగానికీ మధ్య, రెండు అంచుల పక్కన కూడా, వేరే రంగు దారంతో చిన్న ఉంగరం కట్టి సూదికి తగిలించుకోండి.

మొదటి వరస మొత్తం నిట్టు. రెండో వరసలో అంచు మూడు నిట్టు, మధ్య 36 పర్లు, మళ్ళీ అంచు మూడు నిట్టు. మూడోది అసలు వరస. అంచు మూడయ్యాక ప్రతి 18 కుట్లకూ ఇలా: రెండేసి కుట్లు కలిపి ఒక నిట్టు, ఇది మూడుసార్లు. తర్వాత దారం ముందుకు తెచ్చి ఒక నిట్టు, ఇది ఆరుసార్లు. మళ్ళీ రెండేసి కలిపి ఒక నిట్టు, మూడుసార్లు. చివర అంచు మూడు. నాలుగో వరస మళ్ళీ మొత్తం నిట్టు. వెనక వైపు నుంచి నిట్టు వేయడం వల్ల ముందు వైపు ఒక చిన్న గట్టు లేస్తుంది, అలకు నురగ గీసినట్టు. ఇంతే, ఈ నాలుగూ తొంభై ఏడు సార్లు.

మూడో వరస లెక్క ఒకసారి చూసుకుంటే మరి మరిచిపోరు. ఆరు చోట్ల రెండు కలిసి ఒకటవడంతో ఆరు కుట్లు తగ్గుతాయి. ఆరు చోట్ల దారం చుట్టడంతో ఆరు పెరుగుతాయి. 18 మళ్ళీ 18కే రావాలి. తగ్గింపులన్నీ ఒకచోట, పెంపులన్నీ ఒకచోట ఉండటం వల్లే అల్లిక వంపు తిరుగుతుంది. లేసంతా ఈ జమాఖర్చే. ప్రతి కన్నానికీ ఎక్కడో ఒక చోట ఒక కుట్టు బాకీ తీరాలి.

పాత నోట్‌బుక్కుల్లో ఇదంతా "కె2 టాగ్, వుల్ ఫార్వర్డ్, కె1" అని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎక్కించుకునేవాళ్ళు. చాలామంది తడబడింది ఆ వుల్ ఫార్వర్డ్ దగ్గరే. దారం రెండు సూదుల మధ్య నుంచి ముందుకు తెచ్చి, అక్కడే ఉంచి, తర్వాతి కుట్టు నిట్టు వేయాలి. వేస్తుంటే దారం తనంతట తానే కుడి సూది మీదుగా వెనక్కి పోయి ఒక కొత్త చుట్టవుతుంది. ముందుకు తెచ్చి మళ్ళీ సూదుల మధ్య నుంచే వెనక్కి పంపితే చుట్టు పడదు, కన్నం రాదు, కుట్టు తగ్గుతుంది. దారం తిరగేసి చుడితే కుట్టు పడుతుంది కానీ తర్వాతి వరసలో కాళ్ళు మెలిపడి కన్నం మూసుకుంటుంది. రెండుసార్లు చుడితే కన్నం పెద్దదవుతుంది, ఒకటే పెద్దగా ఉంటే దంతం ఊడినట్టు కనిపిస్తుంది.

కాబట్టి ఆ మూడోదైన కన్నాల వరస వేసిన ప్రతిసారీ ఉంగరానికీ ఉంగరానికీ మధ్య లెక్కపెట్టండి, 18 ఉండాలి. 17 వస్తే ఎక్కడో చుట్టు మరిచారు. తిరుగు వరసలో ఆ చోటుకు వచ్చినప్పుడు రెండు కుట్ల మధ్య ఉన్న అడ్డదారాన్ని మెలిపెట్టకుండా సూది మీదకు ఎత్తుకుంటే చాలు. ఆ కన్నం రవంత చిన్నగా ఉంటుంది, తడిపి లాగాక ఎవరూ పట్టుకోలేరు. 19 వస్తే రెండు కలపడం ఒకచోట మరిచారు, అక్కడికి వచ్చాక కలిపేయండి. ఇంకో దొంగ కుట్టు వరస మొదట్లో పుడుతుంది. పని తిప్పినప్పుడు దారం సూది మీదుగా వెనక్కి పడితే మొదటి కుట్టు రెండు కాళ్ళతో పైకి లేచి రెండు కుట్లలా కనిపిస్తుంది. కొత్తవాళ్ళ మఫ్లరు పైకి పోనుపోనూ వెడల్పవడానికి కారణం ఇదే. దారం ఎప్పుడూ సూది కింద నుంచి తిప్పుకోవాలి.

కుట్టు జారిపోతే మామూలు అల్లికలో నిచ్చెనలా దిగుతుంది, క్రోషా సూదితో ఎక్కించేస్తాం. లేసులో ఆ పప్పు ఉడకదు. చుట్టు దగ్గరా రెండు కలిసిన దగ్గరా నిచ్చెన చీలిపోతుంది, ఎటు ఎక్కించాలో తెలియదు. దీనికి కాపలా దారం వేసుకోవాలి. పదహారు వరసలకోసారి, పర్లు వరస అయ్యాక, కుట్లన్నిటి గుండా పెద్దసూదితో ఒక సన్నదారం దూర్చి వదిలేయడమే. రంగుల ఉంగరాల్లోంచి మాత్రం దూర్చకండి, ఇరుక్కుంటాయి. దారం కంటే గేలానికి వాడే సన్న నైలాన్ తీగ ఇంకా మేలు. ఊలుకు పీచు అంటదు, జారుగా వస్తుంది, మన తీరంలో ఏ సంతలోనైనా దొరుకుతుంది. తప్పు దొరికితే సూది లాగేసి ఆ తీగ దాకా ధైర్యంగా విప్పేయొచ్చు. కుట్లు అక్కడ ఆగుతాయి.

ఉండ అయిపోతే కొత్తది అంచులోనే కలపాలి, మధ్యలో ముడి వేస్తే లేసులోంచి మొటిమలా తొంగిచూస్తుంది. నిజమైన ఊలుకు ఒక మోటు పద్ధతి ఉంది. రెండు కొసలనూ విడదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఉమ్మి తడి చేసి అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే అతుక్కుపోతాయి. అసహ్యంగా అనిపిస్తే నీళ్ళు వాడండి. కాష్మిలాన్, నూలు ఇలా అతకవు. వాటికి జానెడు కొస వదిలి చివర్లో సూదితో దాచాలి. ఆఖరున ఇంకో వరసకు దారం సరిపోతుందా అని అనుమానం వస్తే, స్కార్ఫు వెడల్పుకు ఐదు రెట్లు దారం ఉందేమో కొలవండి. ఉంటే సరిపోతుంది.

ముగింపు అంచు కూడా వదులుగానే. రెండు కుట్లు వెనక నుంచి కలిపి నిట్టు వేసి, వచ్చిన కుట్టును ఎడమ సూదికి తిరిగి ఎక్కించి, దాన్నీ పక్కదాన్నీ మళ్ళీ కలపడం. అలా చివరిదాకా. మామూలుగా ఒకదాని మీద నుంచి ఒకటి దాటించే పద్ధతి కంటే ఇది బాగా సాగుతుంది.

చెయ్యి నిదానమైన వాళ్ళు నిమిషానికి పదిహేను కుట్లు వేస్తారనుకున్నా మొత్తం పద్దెనిమిది గంటల పని. రోజుకు గంట కూచుంటే మూడు వారాల్లోపు. అయితే ఎప్పుడు మొదలుపెడతామన్నది మన జిల్లాలో ముఖ్యం. ఇక్కడ వానంటే ఈశాన్య రుతుపవనమే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. దసరాకు మొదలుపెడితే ఆరబెట్టే వేళకు ముసురు పట్టుకుంటుంది. అప్పుడు లాగి పెట్టిన స్కార్ఫు ఫ్యాను కింద రెండు రోజులైనా ఆరక ముక్కవాసన వేస్తుంది. భాద్రపదంలో మొదలుపెట్టి దసరా ఎండకు ఆరబెట్టుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళు.

ఇప్పుడు మంచం పని. కుంకుడు రసం రెండు గరిటెలు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు మునిగేలా నానబెట్టాలి. రుద్దకూడదు, పిండకూడదు. ఊలును వేడినీళ్ళలో రుద్దితే కంబళిలా గట్టిపడిపోతుంది. తర్వాత అదే వేడి ఉన్న మంచినీళ్ళలో ముంచి, కింద చెయ్యి వేసి ఎత్తాలి. ఒక కొస పట్టుకుని ఎత్తితే నీళ్ళ బరువుకు స్కార్ఫు కాస్తా పాములా సాగుతుంది. తువ్వాల్లో చాపలా చుట్టి, పైన కాళ్ళతో తొక్కితే నీరు పోతుంది.

నవారు మంచం మీద పాత దుప్పటి రెండు మడతలు వేసి స్కార్ఫు పరచండి. సూదుల మీద 17 సెంటీమీటర్లున్నది 20, 22కు లాగాలి, 125 పొడుగున్నది 150కి. ముందు మధ్యలో రెండు పక్కలా, తర్వాత రెండు చివర్లా, ఆ తర్వాత మిగతా చోట్ల తుప్పు పట్టని పిన్నులు గుచ్చాలి. ఇనుప పిన్నులైతే చుక్కచుక్కకూ తుప్పు మరక. చివరి అంచుల్లో ప్రతి అల శిఖరానికీ ఒక పిన్ను పెట్టి బయటకు లాగితేనే వంపు నిలుస్తుంది. అక్కడ బద్ధకించి నిటారుగా గుచ్చితే అలలు తుడిచిపెట్టుకుపోతాయి. పక్కల పొడుగునా ఆ గేలపు తీగనే అంచు కుట్లలో దూర్చి మంచం పట్టెలకు కడితే గీత గీసినట్టు నిలబడుతుంది, పిన్నులు సగానికి సగం తగ్గుతాయి. నవారులో ఉన్న సుఖం ఏమిటంటే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. పూర్తిగా, అంటే ముట్టుకుంటే చల్లదనం కూడా తెలియనంతగా ఆరేదాకా పిన్నులు తీయకూడదు. రవంత తడి ఉండగా తీస్తే మళ్ళీ ముడుచుకుంటుంది.

నూలు స్కార్ఫుకు ఆఖరి ముంపులో పల్చటి గంజి కొంచెం కలుపుకోవచ్చు. మొలగొలుకుల బియ్యం పండే ఊళ్ళో గంజికేం తక్కువ. కానీ చెంబు నీళ్ళకు రెండు చెంచాలకు మించితే మెడ మీద అట్టముక్కలా నిలబడుతుంది, పెట్టెలో పెడితే బొద్దింకలు వెతుక్కుంటూ వస్తాయి.

కాష్మిలాన్ విషయం చెబుతానన్నాను. అది తడిపి లాగితే ఆరినంతసేపు ఉంటుంది, పిన్ను తీయగానే మళ్ళీ మొదటికొస్తుంది. దానికి ఆవిరి కావాలి. పొడిగానే పిన్నులు గుచ్చి, బాగా తడిపి పిండిన తెల్లగుడ్డ పైన పరిచి, ఇస్త్రీపెట్టెను ఆ గుడ్డకు తగలీ తగలకుండా నాలుగైదు సెకన్లు పట్టుకుని జరపాలి. ఒత్తకూడదు. ఒత్తితే పీచు కరిగినట్టు మెత్తబడి, మెరుపెక్కి, జీవం పోయి వేలాడుతుంది, ఇక వెనక్కి రాదు. వేడి ఎంతో తెలియని బొగ్గుల ఇస్త్రీపెట్టె రోజుల్లో, "తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేయండి" అన్న ఆ వాక్యం చదివి జరిగింది అదే.

ఊలు స్కార్ఫును ప్రతి ఉతుకు తర్వాతా మళ్ళీ లాగి ఆరబెట్టాలి. కాష్మిలాన్‌కు ఒకసారి చాలు. పెట్టెలో కలరా ఉండలు నేరుగా తగలకుండా కాగితంలో చుట్టి పెట్టండి. ఎండిన వేపాకైనా సరే. ఏడాదికోసారి ఎండ చూపించి మడత మార్చాలి, ఒకే మడత మీద ఉంచితే అక్కడే దారం అరుగుతుంది.

ఆ ట్రంకుపెట్టెలో దొరికిన సగం అల్లికను అలాగే ఎత్తుకోవచ్చు. ముందు కుట్లన్నిటి గుండా తీగ దూర్చి సూదులు తీసేయండి, పాత అల్యూమినియం మీద తెల్లపొక్కులుంటే ఊలు చిక్కుకుంటుంది. కుట్లు లెక్కపెట్టండి. ఊలో కాష్మిలానో తెలియకపోతే కొసలో చిన్న ముక్క కాల్చి చూడండి. ఊలు వెంట్రుక కాలిన వాసన వేసి పొడి బూడిదవుతుంది, కాష్మిలాన్ కరిగి గట్టి పూసవుతుంది. ఊలైతే ఆ జానెడునూ ఒకసారి తడిపి పిన్నులు గుచ్చి చూడండి, అది ఏ డిజైనో అప్పుడే తెలుస్తుంది. మనం చెప్పుకున్న ఓల్డ్ షేలే అయితే, అల్లినామె ఏ వరస దగ్గర ఆపిందో అల్లికే చెబుతుంది. ముందు వైపు మనకు కనిపించేలా పట్టుకున్నప్పుడు సూది కిందే గట్టు ఉంటే నాలుగూ పూర్తయ్యాయి. సూది కింద కన్నాలుంటే వెనక నుంచి వేసే నిట్టు వరస మిగిలింది. గట్టు పైన నున్నగా ఉంటే ఉండ దారం ఎటుందో చూడండి. ఎడమ కొసనుంటే పర్లు వరస వేయాలి. కుడి కొసనుంటే కన్నాల వరసకు ముందు ఆగింది. అక్కడ నుంచి ఎత్తుకుంటే మీ చేతి బిగువు, ఆమె చేతి బిగువు తేడా తెలుస్తుంది. అందుకని గట్టు దాకా విప్పి, ఆ గట్టు మీద నుంచి మొదటి వరసతో మొదలుపెట్టండి. చెయ్యి మారిన చోటు గట్టు నీడలో కనపడదు.